మంచు పట్టిన తెల్లవారుజామున టేకాఫ్: మధురపూడి లాంటి రన్‌వే మీద ఏం చూడాలి, ఎలా చేయాలి

సంక్రాంతికి అటూ ఇటూ గోదావరి జిల్లాల్లో మంచు బాగా పడుతుంది. దాళ్వా ఊడ్పుల కోసం దమ్ము చేసిన చేలల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. కాలువలు నిండుగా పారుతుంటాయి. రాత్రి మబ్బూ గాలీ లేకపోతే నేల తొందరగా చల్లబడి, ఆ తేమంతా తెల్లారేసరికి మంచై కమ్ముకుంటుంది. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడి ఈ డెల్టాకు తలాపున ఉంది. పొద్దున్న మొదటి విమానం బయల్దేరే వేళా, మంచు చిక్కబడే వేళా ఒకటే.

కొత్తగా కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చి, కోపైలట్ సీట్లో కూర్చోబోతున్న మీకోసం ఇది. ఇందులోని అంకెలు మీ కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్‌కీ, విమానాశ్రయాల అధికారిక సమాచార పుస్తకం ఏఐపీకీ బదులుగా వాడుకోవడానికి కాదు. ఎక్కడైనా తేడా కనిపిస్తే వాటి మాటే చెల్లుతుంది. మంచులో టేకాఫ్ అనగానే అందరి దృష్టీ రన్‌వే మీద పరుగు మీదికే పోతుంది. ఘోరమైన ప్రమాదాలు చూస్తే ఎక్కువగా అంతకు ముందే, విమానం నేల మీద ఎక్కడుందో ఎవరికీ సరిగ్గా తెలియని ఆ పది నిమిషాల్లో మొదలయ్యాయి. అందుకే ఇక్కడ ట్యాక్సీ (విమానాన్ని నేల మీద నడపడం) గురించే ఎక్కువ చెప్తున్నాం.

మంచు వస్తుందా, ఎప్పుడు పోతుంది

రాత్రి పడుకునే ముందే మెటార్ (విమానాశ్రయం వాతావరణ రిపోర్టు) తీసి చూడండి. ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా 2 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండి, గాలి 5 నాట్లకు లోపు, ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు వస్తుందనే అనుకోండి. ఒక్క మెటార్‌తో సరిపెట్టుకోవద్దు. వరసగా మూడు నాలుగు చూస్తే తేడా ఎంత వేగంగా తగ్గుతోందో తెలుస్తుంది. రాత్రి 10 గంటలకు 20/17 ఉన్నది ఒంటిగంటకు 18/17 అయిందంటే, తెల్లారేసరికి పరిస్థితి ఏమిటో చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్లు ఇక్కడో పొరపాటు చేస్తారు. సూర్యుడు రాగానే మంచు విడిపోతుందని లెక్కేసుకుంటారు. జనవరిలో ఇక్కడ సూర్యోదయం సుమారు ఆరున్నరకి. ఆ తర్వాత అరగంట, గంట పాటు మంచు చాలాసార్లు ఇంకా చిక్కబడుతుంది. తొలి ఎండకి నేలను ఆనుకున్న గాలి కొద్దిగా కదిలి, కింద పలచగా పరుచుకున్న మంచును పైకి కలుపుతుంది. ఏడింటికి బయల్దేరాల్సిన విమానానికి ఆరింటి రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకోకూడదన్నది ఇందుకే. మంచు లేచిన తర్వాత కూడా అది కొంతసేపు తక్కువ ఎత్తులో మబ్బుగా మిగులుతుంది. రన్‌వే బాగానే కనిపిస్తుంది గానీ, లేచాక తిరిగొచ్చి దిగాలంటే ఆ మబ్బే అడ్డం.

మెటార్‌లో ఎఫ్‌జీ అంటే 1000 మీటర్ల లోపు చూపు, బీఆర్ అంటే 1000 నుంచి 5000 మీటర్ల వరకు. ఈ రెండూ అందరికీ తెలిసినవే. మోసం చేసేవి ఎంఐఎఫ్‌జీ, బీసీఎఫ్‌జీ. మొదటిది నేల మీద పలచగా పరుచుకున్న మంచు. టవర్ పైనుంచి చూసేవారికి ఆకాశం, దూరపు కొబ్బరి చెట్ల తలలు స్పష్టంగా కనిపిస్తాయి. కాక్‌పిట్‌లో మీ కళ్లు మాత్రం ఆ పొరలోనే ఉంటాయి. రెండోది తెప్పలు తెప్పలుగా పట్టే మంచు. రన్‌వే మొదట్లో ఏమీ ఉండదు, సగం దూరం పోయేసరికి ఒక్కసారిగా తెల్లటి గోడ.

భోగి రోజును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. తెల్లవారుజామున ఊరూరా వేసే మంటల పొగ పైకి పోకుండా చల్లగాలి పొర కిందే ఆగిపోతుంది. పొగ రేణువుల చుట్టూ తేమ చేరి మంచు ఇంకా గట్టిపడుతుంది. చెన్నైలో భోగి పొగ వల్ల విమానాలు ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లోనూ ఇదే తంతు. పొగ కలిసిన మంచు మామూలు మంచు కన్నా ఆలస్యంగా విడుతుంది. అలాంటి రోజున ఇంధనం, డ్యూటీ గంటలు రెండూ కాస్త ఉదారంగా లెక్కేసుకోండి.

అంకెల సంగతి

టేకాఫ్‌కి కావాల్సిన అంకె ఆర్వీఆర్ (రన్‌వే విజువల్ రేంజ్). అంటే రన్‌వే మధ్యగీత మీద ఉన్న పైలట్‌కి ఆ గీతలు గానీ దీపాలు గానీ ఎంత దూరం కనిపిస్తాయన్నది. దాన్ని రన్‌వే పక్కన, నేలకి సుమారు రెండున్నర మీటర్ల ఎత్తున ఉండే పరికరాలు కొలుస్తాయి. పెద్ద విమానాశ్రయాల్లో మొదట, మధ్య, చివర ఇలా మూడు చోట్ల ఉంటాయి. మెటార్‌లో చెప్పే మామూలు విజిబిలిటీ వేరు, ఇది వేరు. విజిబిలిటీని ఏదో గుణకంతో హెచ్చించి ఆర్వీఆర్‌గా మార్చే పద్ధతి ల్యాండింగ్ లెక్కల కోసం పుట్టింది. టేకాఫ్‌కి దాన్ని వాడకూడదు.

ఆర్వీఆర్ లెక్కలో రన్‌వే దీపాలు ఎంత వెలుగులో ఉన్నాయన్నది కూడా ఉంటుంది. దీపాలు తక్కువ స్థాయిలో ఉంటే అంకె కూడా తక్కువే వస్తుంది. పగటి మంచులో దీపాలు పూర్తి వెలుగులో ఉన్నాయో లేదో టవర్‌ని అడగడం మీ పని. అంకె పక్కన వచ్చే అక్షరం కూడా చదవండి. డి అంటే తగ్గుతోంది, యు అంటే పెరుగుతోంది, ఎన్ అంటే మార్పు లేదు. 350 డి అన్నప్పుడు మీరు రన్‌వే దగ్గరికి చేరేసరికి అది 350గా ఉండదనే తయారుగా ఉండాలి.

ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిర్వచనం ప్రకారం ఆర్వీఆర్ 400 మీటర్ల కన్నా తక్కువ ఉన్నప్పుడు చేసే టేకాఫ్‌ని లో విజిబిలిటీ టేకాఫ్ అంటారు. దానికి ప్రత్యేక శిక్షణ, ఆమోదం కావాలి. మీకొక్కరికే ఉంటే చాలదు. కెప్టెన్‌కి, కంపెనీకి, విమానానికి, ఆ రన్‌వేకి కూడా ఉండాలి. ఢిల్లీ లాంటి చోట 125 మీటర్ల వరకు టేకాఫ్ చేస్తారని విని, అదే అంకె ప్రతి రన్‌వేకీ వర్తిస్తుందనుకోకండి. ఆ 125 వెనక చాలా సరంజామా ఉంది. 15 మీటర్లకొకటి చొప్పున బాగా వెలిగే మధ్యగీత దీపాలు, 60 మీటర్లకు మించని ఎడంతో అంచు దీపాలు, మూడు చోట్లా ఆర్వీఆర్ రిపోర్టు, అక్కడ అమల్లో ఉన్న లో విజిబిలిటీ పద్ధతులు. ఇందులో ఒక్కటి తగ్గినా అంకె పైకి పోతుంది. మధ్యగీత దీపాలే లేని రన్‌వేకి ఆ అంకె వందల మీటర్లలో మాట్లాడుతుంది. మీ చార్టులో ఆ విమానాశ్రయం పేజీ తీసి, టేకాఫ్ మినిమా (కనీసం ఉండాల్సిన చూపు) గడిలో ఏముందో అదే చూడండి. ఆ రోజు నోటమ్‌లో (పైలట్లకిచ్చే తాజా నోటీసు) దీపాల వరస ఏదైనా పనిచేయడం లేదని ఉంటే గడి మారుతుంది.

సెస్నా 152, 172 లాంటి వాటి మీద శిక్షణలో ఉన్నవారికి సంగతి చాలా తేలిక. వీఎఫ్ఆర్‌కి (కంటితో చూస్తూ ఎగరడానికి) చూపు 5 కిలోమీటర్లు ఉండాలి. మబ్బుకి అడ్డంగా 1500 మీటర్లు, నిలువుగా 1000 అడుగుల దూరం ఉండాలి. మన దేశంలో సూర్యాస్తమయం అయిన 20 నిమిషాల తర్వాత నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు వీఎఫ్ఆర్ లేదు. మంచు ఉన్న రోజున టీ తాగుతూ కూర్చోండి, తొమ్మిదింటికి చూద్దాం.

తిరిగి దిగలేకపోతే ఎక్కడికి

125 మీటర్లలో లేవగలిగిన విమానం అదే రన్‌వే మీద అదే మంచులో దిగలేకపోవచ్చు. లేచిన నిమిషానికే ఇంజిన్ ఆగిపోతే పోవడానికి ఒక చోటు ముందే రాసుకోవాలి. దాన్నే టేకాఫ్ ఆల్టర్నేట్ అంటారు. రెండు ఇంజిన్ల విమానానికి అది ఒక ఇంజిన్ మీద, గాలి లేదనుకుని, గంటకు మించని దూరంలో ఉండాలి.

మధురపూడి నుంచి గాలిదారిన గన్నవరం సుమారు 125 కిలోమీటర్లు, విశాఖ సుమారు 160, శంషాబాద్ సుమారు 360. దగ్గరుంది కదా అని గన్నవరం రాసేయకండి. కృష్ణా డెల్టాలోనూ ఇవే చేలు, ఇవే కాలువలు, ఇదే మంచు. రెండూ ఒకేసారి మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ఎయిర్‌బస్ ఏ320కి శంషాబాద్ తేలిగ్గా గంటలోపు. ప్రొపెల్లర్ల ఏటీఆర్‌కి మాత్రం అది అంచు మీద పడుతుంది. మీ బరువుకి, ఆ ఎత్తుకి ఒక ఇంజిన్ వేగం తీసి లెక్క కట్టాకే రాయండి. విశాఖ వాతావరణం బాగుంటే చాలాసార్లు అదే సరైన జవాబు. అక్కడ ఆ వేళకి విమానాశ్రయం తెరిచి ఉందా, నేవీ కార్యక్రమాల వల్ల ఏదైనా నోటమ్ ఉందా అన్నది కూడా చూసుకోండి.

స్టాండ్‌లో ఉండగానే

ముందు అద్దాలు. తేమ గాలికి రాత్రంతా బయట నిలబడ్డ విమానం అద్దం లోపలా బయటా నీటి పొర పడుతుంది. బయట గుడ్డతో తుడిపించండి, లోపల తేమను ఆరబెట్టే డీమిస్ట్ ముందే వేయండి. మంచులో అద్దం మీద మరక కూడా కనుచూపులో కొంత తినేస్తుంది.

తర్వాత సీటు. దీన్ని చాలామంది పట్టించుకోరు. మీ కళ్లు నేల నుంచి 5 మీటర్ల ఎత్తున ఉండి, ముక్కు మీదుగా కిందికి 20 డిగ్రీల వరకు చూడగలిగితే, మీ ముందు దాదాపు 14 మీటర్ల నేల కనిపించదు. సీటు కిందికి జారి ఆ కోణం 15 డిగ్రీలైతే కనిపించని నేల దాదాపు 19 మీటర్లు. అయిదు మీటర్లేగా అనిపించవచ్చు. మీకున్నదే నూట పాతిక మీటర్లయినప్పుడు ఆ అయిదూ పోగొట్టుకోకూడదు. ఎయిర్‌బస్‌లో మధ్య స్తంభం మీద చిన్న గుండ్లు ఉంటాయి కదా, వాటిని వరసలో చూసుకుని సీటు సరిచేసుకోండి. పుష్‌బ్యాక్ తర్వాత మళ్లీ కదపొద్దు.

విమానాశ్రయం చార్టు మోకాలి మీదో, టాబ్లెట్‌లోనో ఎదురుగా తెరిచి ఉండాలి. స్టాండ్ నుంచి రన్‌వే దాకా దారిని వేలు పెట్టి ఇద్దరూ కలిసి నడవండి. ఎక్కడ కుడికి, ఎక్కడ ఎడమకి, రన్‌వేకి ముందు ఆగాల్సిన గీత ఎక్కడ, ఏ రెండు ట్యాక్సీవేలు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. అలాంటి మూలలకి ముందే పెన్నుతో గుండ్రం చుట్టండి.

టేకాఫ్ ఆపేయాల్సి వస్తే ఎవరు ఏం చేయాలన్న బ్రీఫింగ్ కూడా ఇక్కడే, ఇంజిన్లు తిరగకముందే అయిపోవాలి. కదిలే విమానంలో దాని గురించి మాట్లాడుకోవద్దు. ఇంత తక్కువ చూపులో టేకాఫ్ చాలా కంపెనీల్లో కెప్టెనే చేయాలి. పక్కగాలి పరిమితి కూడా మామూలు రోజుల కన్నా తక్కువే ఉంటుంది.

ఇంధనం. ఏ320 రెండు ఇంజిన్లూ ఐడిల్‌లో (కనీస శక్తిలో) పెట్టుకుని నేల మీద నిలబడితే గంటకు సుమారు 700 కిలోలు కాలుతుంది. మంచు కోసం అరగంట ఎదురుచూస్తే 350 కిలోలు పోయినట్టే. ఆ ఆలస్యం ట్యాక్సీ ఇంధనంలో ముందే కలపండి, లేకపోతే రన్‌వే అంచు దాకా వెళ్లి ఇంధనం చాలక వెనక్కి రావాల్సివస్తుంది. ప్రయాణికుల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఆపేయమని క్యాబిన్ సిబ్బందికి ముందే చెప్పండి.

ట్యాక్సీ: అసలు పని ఇదే

1977 మార్చి 27న టెనెరిఫేలో మంచులో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒకటి రన్‌వే మీద ట్యాక్సీ చేస్తూ తిరగాల్సిన దారి దాటిపోయింది. రెండోది అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. రేడియోలో రెండు మాటలు ఒకేసారి పడి, వినాల్సిన మాట కీచు శబ్దంలో కలిసిపోయింది. 2001 అక్టోబర్ 8న మిలాన్ లినాటేలో ఒక చిన్న జెట్‌ని ఆర్5 దారిలో వెళ్లమంటే ఆర్6లోకి తిరిగి, టేకాఫ్ పరుగులో ఉన్న ఎండీ-87కి అడ్డంగా వచ్చింది. 118 మంది పోయారు. నేల మీది కదలికలు చూపే రాడార్ ఆ రోజు పనిచేయడం లేదు. రెండు చోట్లా విమానాల్లో యంత్రం ఏదీ పాడవలేదు.

కాబట్టి కదిలే ముందు ఇవి ఇద్దరూ ఒప్పుకోండి.

ట్యాక్సీ చేస్తున్నంతసేపూ ఇద్దరి తలలూ ఒకేసారి కిందికి వంగకూడదు. చెక్‌లిస్ట్ చదవాలంటే విమానం ఆపండి, పార్కింగ్ బ్రేక్ వేయండి, చదవండి, మళ్లీ కదలండి. టేకాఫ్ డేటా మారితే కూడా అంతే. రెండు నిమిషాలు పోయినా ఫర్వాలేదు.

వేగం 10 నాట్లు దాటనీయొద్దు, మలుపుల్లో ఇంకా తక్కువ. 10 నాట్లంటే సెకనుకు 5 మీటర్లు. మంచులో పక్కన చెట్లూ భవనాలూ కనిపించవు, అందువల్ల వేగం తెలియదు. మెల్లగా పోతున్నామనుకుంటూ 20 నాట్లకు చేరిపోతారు. కోపైలట్‌గా గ్రౌండ్ స్పీడ్ అంకెను పదే పదే చూసి పైకి చెప్పండి.

దారి పొడవునా ఎదురయ్యే ప్రతి బోర్డునీ పైకి చదవండి. నలుపు మీద పసుపు అక్షరం మీరున్న ట్యాక్సీవే. పసుపు మీద నలుపు మీరు వెళ్లబోయేవి. ఎరుపు మీద తెలుపు అంటే ఆగాల్సిన చోటు. చార్టులో వేలు ఉన్న చోటికీ, బోర్డు మీది అక్షరానికీ పొంతన కుదరకపోతే ఆ క్షణమే ఆగిపోండి. బహుశా వచ్చేది అదేనేమో అనుకుంటూ ఇంకో యాభై మీటర్లు కదలొద్దు. బ్రేక్ వేసి టవర్‌కి చెప్పండి: మేం ఎక్కడున్నామో మాకు నిశ్చయంగా తెలియడం లేదు, ఆగి ఉన్నాం. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారు. కంట్రోలర్‌కి మీరు కనిపించరు. మీరు చెప్పిన మాటే ఆయన కన్ను. ఎక్కడున్నారో తెలియని విమానం ఒకటి ఉందని తెలిస్తే ఆయన మిగతావాటినన్నిటినీ ఆపుతాడు. చెప్పకపోతే ఎవరినో రన్‌వే మీదికి పంపుతాడు.

ఫాలో మీ జీపు ఇస్తామంటే తీసుకోండి. అడిగి మరీ తీసుకోండి.

రన్‌వేకి ముందు అడ్డంగా ఎర్రగా వెలుగుతున్న దీపాల వరసని, అంటే స్టాప్‌బార్‌ని, ఎట్టి పరిస్థితిలోనూ దాటొద్దు. దాటమని రేడియోలో అనుమతి వచ్చినా, దీపాలు ఇంకా ఎర్రగానే ఉంటే ఆగి అడగండి. దీపాలు ఆరి, ముందున్న ఆకుపచ్చ వరస వెలిగాకే కదలాలి. స్టాప్‌బార్ లేని చోట రన్‌వేకి ముందు పక్కపక్కన పసుపు దీపాలు మార్చి మార్చి మిణుకుతుంటాయి. అవి కనిపించాయంటే రన్‌వే అక్కడే.

ట్యాక్సీ లైటు వేసుకోండి. ల్యాండింగ్ లైట్లు, స్ట్రోబ్‌లు మంచులో వెలుగును తిరిగి మీ కళ్లలోకే కొడతాయి, ఎదురుగా తెల్లటి తెర కట్టినట్టవుతుంది. అలా అవుతుంటే కంపెనీ పద్ధతి ఒప్పుకున్న మేరకు ఆపుకోండి. కాక్‌పిట్ లోపలి లైట్లు కూడా తగ్గించండి. రాడార్‌కి మీ గుర్తింపు పంపే ట్రాన్స్‌పాండర్ మాత్రం విమానం కదిలిన క్షణం నుంచే ఆన్‌లో ఉండాలి.

రేడియోలో టేకాఫ్ అన్న మాటని టేకాఫ్‌కి అనుమతి ఇవ్వడానికో, ఆ అనుమతిని రద్దు చేయడానికో తప్ప ఎక్కడా వాడరు. టెనెరిఫే తర్వాత వచ్చిన కట్టుబాటు ఇది. మీరు బయల్దేరడానికి సిద్ధంగా ఉంటే డిపార్చర్ అనండి. రన్‌వే పేరుతో, ఆగమన్న మాటతో సహా పూర్తిగా తిరిగి చెప్పండి. ఓకే, రోజర్ అని ముగించొద్దు.

రన్‌వే మీదికి ఎక్కడం

సమాంతర ట్యాక్సీవే లేని చోట రన్‌వే మీదే టేకాఫ్‌కి ఎదురు దిశలో నడిచి, చివర టర్న్ ప్యాడ్‌లో తిరగాలి. ప్రాంతీయ రన్‌వేల మీద జరిగే ఒక తప్పు ఇక్కడే పుడుతుంది. ప్యాడ్ దగ్గర కాంక్రీటు వెడల్పుగా ఉంటుంది. 180 డిగ్రీలు తిరిగాక మంచులో ఎదురుగా ఒక్కటే తెల్ల దీపాల వరస కనిపిస్తుంది. పైలట్ దాన్నే మధ్యగీత అనుకుని దాని మీద నిలబెడతాడు. అది అంచు దీపాల వరస.

తప్పు దొరకాలంటే మూడు గుర్తులు చూడండి. అంచు దీపాలు నేల నుంచి పైకి లేచి నిలబడి ఉంటాయి, మధ్య దీపాలు నేలలో అణిగి ఉంటాయి. అంచు దీపాలు 60 మీటర్ల వరకు ఎడంగా, మధ్య దీపాలు 15 లేదా 30 మీటర్లకొకటిగా ఉంటాయి. ఇక మధ్యలో గీత ఉంటుంది, అది విడివిడి ముక్కలుగా వస్తుంది. అంచున ఉండేది తెగని గీత. మీ కింద రన్‌వే అంకె, తర్వాత ముక్కల గీత కనిపిస్తేనే మధ్యలో ఉన్నట్టు. లెఫ్ట్ సీటు నుంచీ రైట్ సీటు నుంచీ రెండు పక్కలా అంచు దీపాలు సమానంగా ఉన్నాయా అని ఒకరినొకరు అడగండి.

తర్వాత దిక్సూచి. మధురపూడి రన్‌వే 05/23. 05 మీద నిలబడితే హెడింగ్ (ముక్కు చూపే దిక్కు, డిగ్రీల్లో) 050కి దగ్గరగా ఉండాలి, 23 మీద 230కి. లోకలైజర్ (మధ్యగీతను చూపే రేడియో సంకేతం) ఉన్న రన్‌వే అయితే దాని సూచిక నడిమికి రావాలి. 2000 అక్టోబర్ 31న తైపేలో తుపాను వానలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 747 ఒకటి 05 ఎడమ రన్‌వే బదులు మరమ్మతులో ఉన్న 05 కుడి రన్‌వే మీదికి ఎక్కి, యంత్రాలను ఢీకొట్టింది. 83 మంది చనిపోయారు. రెంటికీ హెడింగ్ ఒకటే కాబట్టి దిక్సూచి ఏ తప్పూ చూపలేదు. లోకలైజర్‌తో పనిచేసే పరికరం మాత్రం విమానం సరైన చోట లేదని చూపింది. సమాంతర రన్‌వేలున్న హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీలకు మీరు రేపు వెళ్తారు. హెడింగ్ ఒక్కటీ చూసి తృప్తిపడొద్దు.

ఇప్పుడు దీపాలు లెక్కపెట్టండి. ముక్కు కింద మాయమైన దీపం తర్వాత మొదటిది ఒకటి, ఇక అక్కడి నుంచి చివరగా మసకగా కనిపించేదాకా. 15 మీటర్ల ఎడంలో ఆరు దీపాలు కనిపిస్తే సుమారు 90 మీటర్లు. పరుగు మొదట్లో కాక్‌పిట్ నుంచి కనీసం 90 మీటర్లు కనిపించాలన్నది 125 మీటర్ల మినిమాతో ముడిపడి ఉన్న షరతు. 30 మీటర్ల ఎడమైతే ఎన్ని కావాలో చార్టు చూసి ముందే అనుకోండి, లెక్క అక్కడ మొదలుపెట్టొద్దు. రన్‌వే మొదటి భాగంలో రిపోర్టైన ఆర్వీఆర్ బదులు పైలట్ కళ్లతో చూసిన దూరం తీసుకోవచ్చని మీ మాన్యువల్ ఒప్పుకుంటే, ఈ లెక్కే దానికి ఆధారం. మధ్యలో, చివర మాత్రం రిపోర్టే గతి. అక్కడ తెప్ప మంచు ఉందేమో మీకు కనిపించదు.

ఆ ఉదయం రన్‌వే తనిఖీ ఎప్పుడు జరిగిందో అడగడం కూడా మంచిది. మంచులో కుక్కో, పందో మీకు కనిపించేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు.

పరుగు

థ్రస్ట్ (ఇంజిన్ శక్తి) ఇచ్చే ముందు ఆర్వీఆర్ ఆఖరిసారి అడగండి. మినిమాకి దిగువన ఉంటే అక్కడే నిలబడండి. లైనప్ అయ్యాం కదా, ఎలాగూ వచ్చాం కదా అన్న మాట ఈ చోట ఎవరి నోటా రాకూడదు.

కెప్టెన్ చూపు దీపాల వరస చివర మీద, కోపైలట్ చూపు లోపల గేజ్‌ల మీద. 135 నాట్ల దగ్గర విమానం సెకనుకు 69 మీటర్లు పోతుంది. 125 మీటర్ల చూపంటే చేతిలో రెండు సెకన్లు కూడా లేవు. 15 మీటర్లకొక దీపం సెకనుకు నాలుగున్నర చొప్పున ముక్కు కిందికి జారిపోతుంది, అవి చుక్కలుగా కాక గీతలా కనిపిస్తాయి. దగ్గరి దీపాన్ని చూస్తూ సరిదిద్దితే రడ్డర్ (తోక మీది చుక్కాని) అటూ ఇటూ ఎక్కువైపోయి విమానం పాములా పోతుంది. దూరం దీపం మీదే చూపు పెట్టి, పాదాలతో చిన్న చిన్న ఒత్తిళ్లు మాత్రమే. ముక్కు చక్రం దీపాల మీద టకటకమంటుంటే మామూలు రోజున కొంచెం పక్కకు జరుగుతారు. ఈరోజు ఆ చప్పుడు మీరు మధ్యలో ఉన్నారని చెప్పే నేస్తం, ఉండనివ్వండి.

దీపాల రంగు కూడా చదవడం నేర్చుకోండి. మధ్య దీపాలు తెల్లగా ఉండి, చివర 900 మీటర్ల నుంచి ఎరుపు తెలుపు మార్చి మార్చి వస్తాయి. చివరి 300 మీటర్లు అన్నీ ఎరుపే. అంచు దీపాలు చివరి 600 మీటర్లలో పసుపు పచ్చగా మారతాయి. ఎరుపు తెలుపు కలిసి కనిపించి, వేగం ఇంకా రావాల్సిన చోటికి రాలేదంటే ఏదో తేడా ఉంది.

ఇంజిన్ పోవడానికి అన్నిటికన్నా చెడ్డ సమయం పరుగు మొదట్లో, రడ్డర్‌కి ఇంకా పట్టు రాని వేగంలో. విమానం ఒక్కసారిగా ఒక పక్కకి లాగుతుంది. పగటి వెలుతురులో కంటితో పట్టేసే ఆ జరుగుడు మంచులో కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. కోపైలట్ గేజ్‌లో తేడా చూసి పలికిన ఒక్క మాటే ముందుగా అందే హెచ్చరిక. కెప్టెన్ రెండు లివర్లూ వెంటనే ఐడిల్‌కి లాగేయాలి. చూపు పూర్తిగా పోతే ఏ వేగం దాకా ఆపాలి, ఏ వేగం దాటాక కొనసాగాలి అన్నది స్టాండ్ దగ్గర బ్రీఫింగ్‌లోనే తేలిపోయి ఉండాలి. పరుగులో ఆలోచించుకునే వ్యవధి లేదని పైన లెక్కే చెప్పింది.

ఆపేస్తే

విమానం ఆగిపోయాక పని అయిపోలేదు. మీరు రన్‌వే మీద ఉన్నారు, టవర్‌కి కనిపించరు, అగ్నిమాపక బండికీ కనిపించరు. పార్కింగ్ బ్రేక్ వేసి వెంటనే చెప్పండి: ఆగిపోయాం, ఫలానా రన్‌వే మీద, ఫలానా ట్యాక్సీవే దాటి ఇంత దూరంలో. దూరం తెలియకపోతే దీపాల రంగు చెప్పండి. ఎరుపు తెలుపు భాగంలో ఉన్నామన్నా వాళ్లకి చోటు దొరుకుతుంది. పొగ, మంట అనుమానం లేకపోతే తొందరపడి రన్‌వే వదలడానికి తిరగొద్దు. బ్రేకులు వేడెక్కి ఉంటాయి, దారి కనపడదు. ప్రయాణికులను దించాల్సి వస్తే ఏ వైపు దించుతున్నారో టవర్‌కి చెప్పాకే. ఆ పక్క నుంచే బండ్లు వేగంగా వస్తుంటాయి.

లేచాక

చక్రాలు నేల వదిలిన క్షణం బయట చూడటం మానేయాలి. వేగం పుంజుకునేటప్పుడు వీపు సీటుకి నొక్కుకుని, ముక్కు మరీ పైకి లేచిపోతోందన్న భ్రమ కలుగుతుంది. బయట ఆనవాలు ఏదీ ఉండదు కాబట్టి చెవిలోని సమతుల్య అవయవం చెప్పే ఆ అబద్ధాన్ని కన్ను ఖండించలేదు. చేయి తనంతట తాను ముక్కును కిందికి నొక్కుతుంది. మీరు నమ్మాల్సింది ఎదురుగా ఉన్న పరికరం మీది పిచ్ కోణం (ముక్కు ఎంత పైకి ఉందన్నది), ఎత్తు పెరుగుతోందన్న సూచిక. ఆ రెండూ చూశాకే గేర్ అప్ (చక్రాలు లోపలికి).

05 నుంచి లేస్తే కోరుకొండ, ఉత్తరాన రంపచోడవరం వైపు నేల ఎత్తు పెరుగుతుంది. ఒక ఇంజిన్ పోతే ఎటు తిరగాలన్నది కంపెనీ ఇచ్చిన దారిలోనే ఉంటుంది. మంచు పైకి తేలాక ఎండ కనిపించింది కదా అని కొండలను కంటితో చూస్తూ సొంత దారి పట్టొద్దు. మంచు పైన ఎండ తగిలే ఎత్తులో కొండల తలలు మాత్రమే తేలి కనిపిస్తాయి, వాటి భుజాలు మంచు లోపల ఉంటాయి.

డెల్టా మంచు ఇక్కడ 15, 18 డిగ్రీల వెచ్చదనంలో పడుతుంది కాబట్టి నేల మీద ఇంజిన్ యాంటీ-ఐస్ (ఇంజిన్‌లో మంచుగడ్డ కట్టకుండా చూసేది) అక్కర్లేదు. పైకి పోతూ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకి దిగి, ఇంకా మబ్బులోనే ఉంటే అప్పుడు వేయండి.

స్థిరంగా ఎక్కుతున్నాక, పనిభారం తగ్గిన వెంటనే టవర్‌కి రెండు మాటలు చెప్పండి. రన్‌వే మీద ఎన్ని దీపాలు కనిపించాయి, తెప్ప మంచు ఎక్కడ ఎదురైంది, ఏ ఎత్తులో మంచు వదిలింది. మీ వెనక హోల్డింగ్ పాయింట్ దగ్గర బ్రేక్ వేసుకుని కూర్చున్న విమానానికి ఆ ఉదయం అంతకన్నా తాజా రిపోర్టు ఇంకెక్కడా దొరకదు.